మందలేని కేకలు

ఆ ఏడు మంచు పడడానికి ముందు ఆసా ట్విచెల్ చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక గది నిండా అమ్ముడుపోని జీనులు, ఎలుకలు రుచి చూసిన తాళ్ళచుట్టలు, అడుగు మాడని కొత్త కాఫీ కెటిళ్ళు, అరటన్ను పీచ్ పండ్ల డబ్బాలు, ఒక ఇనప పొయ్యి, ఆ పొయ్యి చుట్టూ చేరి లేవడం మరిచిపోయిన కౌబాయ్‌లు తొమ్మిదిమంది. భార్య కూడా ఒకతె ఉంది. అయితే డ్రుసిల్లాను సరుకు కింద లెక్కవేయాలో ఖర్చు కింద లెక్కవేయాలో పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా తేలలేదు కాబట్టి లెక్కల పుస్తకంలో ఆ గడిని ఆసా ఖాళీగా వదిలేశాడు.

డ్రై ఫోర్క్ పశువుల మీద పుట్టిన ఊరు. టెక్సస్‌లో బయల్దేరిన మందలు ఎండాకాలమంతా నడిచి ఇక్కడ రైలెక్కేవి. వాటి వెంట వచ్చిన కౌబాయ్ జేబులో జీతం, గొంతులో దుమ్ము. రెండూ ఆసా దుకాణంలోనే దిగేవి. తరవాత మైదానమంతా ముళ్ళతీగల కంచెలు పరుచుకున్నాయి. కొత్త రైలుపట్టా ఇంకో ఊరు చూసుకుంది. నిరుటి మంచుకు పశువులు నిలబడ్డచోటే గడ్డకట్టి చచ్చాయి. బతికిన వాటిని రైతులు కంచెల్లో కట్టి, ఎండుగడ్డి వేసి మేపుతున్నారు. గడ్డి దగ్గరికే వచ్చే ఆవుకి గుర్రమెక్కిన మనిషెందుకు?

పశువు పోయింది గానీ కాపరి నోట్లో కేక పోలేదు. పేకముక్క కలిసొస్తే "యీ-హా!" కాఫీ మూతి కాలిస్తే "టార్నేషన్!" ఎలుక అడ్డం పరిగెడితే "జంపింగ్ జెహోషఫాట్!" అందరిలో గొంతు పెద్దది రూఫస్ డిల్లార్డ్‌ది. కాళ్ళు పొయ్యి మీదికి చాపి, కళ్ళు మూసుకుని, మధ్యమధ్య ఊరికే ఒక కేక పెట్టేవాడు, ఉన్నానని తెలియడానికి.

"ఇదిగో రూఫస్, నువ్వు అరిచినప్పుడల్లా నా పాలు విరుగుతున్నాయి" అనేది డ్రుసిల్లా.

"కష్టజీవి కేకమ్మా ఇది."

"కష్టం ఎక్కడ నాయనా? కేకే కనిపిస్తోంది."

ఆమెకు రెండు పాడి ఆవులున్నాయి. అవి ఇచ్చే పాలే ఆ తొమ్మిదిమందినీ నిలబెడుతున్నాయి, లేదా కూచోబెడుతున్నాయి. ఇవికాక స్టేషన్ పక్క దొడ్డిలో, వ్యాగన్లు రాక నిలిచిపోయిన ఒక రైతు పశువులు ఉన్నాయి. పొద్దునపూట వాటికి తవుడు పెట్టే పని కూడా డ్రుసిల్లాదే. గుర్రం మీద కూచుని చేసే పని కాదని కౌబాయ్‌లు దాన్ని ముట్టుకోలేదు.

స్టేషను ఈ చలికాలంతో మూసేస్తారని కబురొచ్చింది. రైలు ఆగని ఊళ్ళో దుకాణం ఉండడమంటే ఎండిన బావికి గిలక బిగించడమే. జీనులు, తాళ్ళు ఎలాగైనా బయటికి పోవాలి, లేకపోతే వాటితోపాటు తనూ ఇక్కడే ఎలుకల పాలవుతాడు. ఆసాకి నిద్ర పట్టని దిగులు అదొక్కటే.

అలాంటప్పుడు చికాగో నుంచి లోథ్రాప్ అనే పెద్దమనిషి రైలు దిగాడు. నూనె రాసిన మీసం, ఎర్ర వెయిస్ట్‌కోటు. పడమటి దేశపు వింతలని పెద్ద గుడారం వేసి నగరంలో చలికాలమంతా ఆటలు ఆడించబోతున్నాడు.

"గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి. బండి దోచుకునే దొంగల్ని కూడా నెలజీతానికి పెట్టాను" అన్నాడు లోథ్రాప్. "లేనిది కేకలే. నాటకాలవాళ్ళ చేత అరిపించాను. పళ్ళు పీకేచోట వినిపించినట్టుంది. నాకు అసలు సిసలు కౌబాయ్‌లు కావాలి."

"చూడండి, పొయ్యి చుట్టూ పేర్చి ఉంచాను" అన్నాడు ఆసా.

"కేక ఒక్కటే చాలదు. ప్రతి కేకకీ పుట్టుక, అర్థం ఉండాలి. కరపత్రం మీద అచ్చు వేయిస్తాను. మా ఊరి జనం అర్థంలేని అరుపుకి టిక్కెట్టు కొనరండీ. అర్థంలేని అరుపులు వాళ్ళ ఇంట్లోనే ఉన్నాయి."

"మరి నాకేంటి?"

"గుడారం వాకిట్లో కొట్టు. చలికాలమంతా నీదే."

ఆసా కళ్ళ ముందు లెక్క దానంతటదే జరిగిపోయింది. గుర్రం ఉన్నవాడు జీను ఒక్కసారే కొంటాడు, అదీ బేరమాడి. గుర్రం లేని నగరంవాడు గోడకి తగిలించుకోవడానికి కొంటాడు, బేరమాడడం తెలియక కొంటాడు. రేపటి రైలుకి మనుషుల్నీ కేకల్నీ సిద్ధం చేస్తానని ఆసా చేతిలో చెయ్యేశాడు. లేకపోతే పై ఊరికి పోతానన్నాడు లోథ్రాప్. పై ఊళ్ళోనూ పొయ్యి ఉంది, దాని చుట్టూ మనుషులున్నారు.

లోథ్రాప్ హోటలుకి పోగానే ఆసా కుర్చీ లాక్కుని కౌబాయ్‌ల మధ్య కూచున్నాడు.

"యీ-హా అంటే ఏంటి?"

"కదలమని" అన్నాడు రూఫస్.

"యిప్పీ?"

"కదిలాయని."

"టార్నేషన్?"

"కదల్లేదని."

ఆసా తల పట్టుకున్నాడు. మూల కూచున్న ఈనస్ పైపు తీసి నోరు విప్పాడు. వాళ్ళందరిలో పెద్దవాడు ఈనస్. టెక్సస్ దారిలో మంద ముందు నడిచినవాడు, అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడు దగ్గుతాడు.

"షావుకారూ, టార్నేషన్‌కి పుట్టుక ఉంది. డామ్నేషన్ అని శాపం పెడితే మా అమ్మ నా నోరు సబ్బుతో కడిగేది. మాటకే మొహం కడిగి, తల దువ్వి టార్నేషన్ అంటే ఊరుకునేది. లోపలిది అదే. పైన చొక్కా మారింది."

"జెహోషఫాట్ సంగతేంటి?"

"బైబిల్లో రాజు, పాపం. ఎప్పుడూ ఎగిరి గంతేసినట్టు నేను వినలేదు. కోపమొచ్చినప్పుడు దేవుడి పేరు ఎత్తకూడదు కదా? ఎవరో ఒకరి పేరు ఎత్తాలి. ఆయన ఖాళీగా కనిపించాడు."

"అంటే దేవుడికి తెలియదనా?"

"దేవుడికి తెలుసు. పక్కింట్లో ఉన్న చర్చి పెద్ద, డీకనుకి తెలియకూడదు. ఇలాంటి మాటల్లో సగం డీకన్ల భయానికి పుట్టినవే."

"యీ-హా ఎక్కడ పుట్టింది పెద్దాయనా?"

"ఎవరికి తెలుసు? నా ముందు గుర్రం మీదున్నవాడు అరిచాడు, నేను అరిచాను. వాడి ముందువాడెవడో అరిచి ఉంటాడు. దుమ్ములో మొహం కనిపిస్తుందా?"

నిజం ఎంత చవకగా ఉందో ఆసాకి అప్పుడు తెలిసింది. ఈ ధరకి చికాగోలో తాడు ముక్క కూడా అమ్ముడుపోదు. ఆ సాయంత్రం లాంతరు వెలిగించి ఒక్కో కేకకీ వంశం కట్టాడు. యీ-హా అనేది చనిపోతున్న కొమాంచీ తెగ దొర ఒకడు రూఫస్ పెదనాన్న చెవిలో చెప్పిన రహస్యం. యిప్పీ అనేది ఓడ మునిగిన స్పెయిన్ కెప్టెను ఒడ్డు కనిపించగానే పెట్టిన కేక. జెహోషఫాట్‌ని ప్రసంగం మధ్యలో పాము కరిచిన ఒక పాస్టరుకి అప్పగించాడు.

"చచ్చేవాడు గుసగుసగా యీ-హా అంటాడా?" అన్నాడు ఈనస్.

"టిక్కెట్టు కొన్నవాడు అడగడు, పెద్దాయనా."

డ్రుసిల్లా బంగాళాదుంపలు తరుగుతూ వింటోంది. "పాస్టరు బతికాడా?" అంది.

"బతికాడులే."

"అయితే ధర ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?"

ఆసా కలం నములుతూ కూచున్నాడు. నిజానికి అదే ఆలోచిస్తున్నాడు.

వంశం కట్టడంతోనే చిక్కొచ్చింది. అంతదాకా ఆ కేకలు ఎవరివీ కావు, ఎవరికి దాహమేస్తే వాళ్ళు తాగే వాగునీళ్ళలాంటివి. ఇప్పుడు వాటికి పేరుంది, పేరుతో పాటు ధర ఉంది. పైగా, మేలైన కేక ఉన్నవాడిని ఆటలో ముందు గుర్రం మీద ఎక్కిస్తానన్నాడు లోథ్రాప్. మర్నాటికి ఒకే పొగాకు ముక్కను పంచుకు నమిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడడం మానేశారు.

"ఒరేయ్ రూఫస్, నువ్వు ఉయ్యాల్లో ఉచ్చ పోసుకునేనాటికే రెడ్ రివర్ ఒడ్డున నేను యీ-హా అని అరిచాను" అన్నాడు ఈనస్.

"అది మా పెదనాన్నదని కాగితం మీద ఉంది!"

"నీకు పెదనాన్న ఎక్కడున్నాడురా? నిన్న రాత్రి షావుకారు కన్నాడు వాణ్ణి!"

"పరాయి దూడకి ముద్ర కాల్చే దొంగవి నువ్వు!"

ఆ మాటకి పొయ్యి దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. ఆ దేశంలో ఒక మనిషిని తాగుబోతనొచ్చు, అబద్ధాలకోరనొచ్చు, వాడి గుర్రాన్ని కూడా తిట్టొచ్చు. దూడల దొంగ అంటే మాత్రం ఊరి చివర చెట్టుకొమ్మ గుర్తొస్తుంది. ఈనస్ పైపు జేబులో పెట్టి చొక్కా చేతులు మడిచాడు. రైలు వేళకి సంచీ పట్టుకుని వచ్చిన లోథ్రాప్ గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి తన అసలు సిసలు కౌబాయ్‌లు ఒకడి చెవి ఒకడు పట్టుకుని దొర్లుతున్నారు.

"ఆగండి!" అని ఆసా కాఫీ కెటిలు తీసి నేలకేసి కొట్టాడు. కొత్త కెటిలు. ఆ నొప్పి అతని గొంతులో వినిపించి అందరూ ఆగారు.

ఈనస్ లేచి దుమ్ము దులుపుకున్నాడు. "తగువు తీర్చే పద్ధతి మనకి ఉండనే ఉంది. రౌండప్‌లో, మందలన్నీ ఒకచోట పోగేసినప్పుడు, ఒక దూడ నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటే ఏం చేస్తాం? మనుషుల్ని అడుగుతామా?"

"అడగం" అన్నారు మిగతావాళ్ళు.

"దూడని వదులుతాం. ఏ ఆవు పొదుగు దగ్గరికి పోతే ఆ ఆవు ముద్రే దూడకి. దాని మీద ఇంకో మాట లేదు. ఈ కేకలు పశువుల మధ్య పుట్టాయి. పశువుల్లోకే వదులుదాం. ఎవడి కేకకి పశువులు వస్తే కేకలన్నీ వాడివి. సరేనా?"

"సరే" అన్నాడు రూఫస్, పెదవి నెత్తురు తుడుచుకుంటూ. తొమ్మిదిమందీ టోపీ తీసి ఒప్పుకున్నారు. టోపీ తీసి ఒప్పుకున్న మాట వాళ్ళకి రాతకోతల కన్నా గట్టిది.

లోథ్రాప్ సంబరపడిపోయాడు. ఆసాకి మాత్రం అసలు సంగతి తెలుసు. స్టేషను పక్క దొడ్డిలోవి రైతు కంచెలో పుట్టిన పశువులు. దారి ఎరగవు, ఏరు దాటడం ఎరగవు, కేక ఎరగవు. ఆ సంగతి చెబుదామంటే కౌబాయ్‌లు అప్పటికే జోళ్ళ ముళ్ళు గలగలలాడించుకుంటూ స్టేషను దాకా పోయారు.

దొడ్డి గట్టు మీద ముందు రూఫస్ నిలబడ్డాడు. ఊపిరి పీల్చి, మెడనరాలు తేలేలా "యీ-హా!" అన్నాడు. స్టేషను కప్పు మీది పావురాలు లేచిపోయాయి. దొడ్డిలో ఒక ఎర్ర ఆవు తలెత్తి, అతన్ని తేరిపార చూసి, వెనక్కి తిరిగి తోకెత్తి పేడ వేసింది.

"ఇదేనా మీ పెదనాన్నకి దక్కిన మర్యాద?" అన్నాడు ఈనస్.

"నువ్వెక్కి చూడు!"

ఈనస్ ఎక్కాడు. అతని కేక పాతది, గరుకుగా, చివర సాగదీసినట్టు ఉంది. ఒకప్పుడు దానికి మూడువేల కొమ్ములు కదిలేవి. ఇప్పుడొక దూడ తుమ్మింది. ముసలాయన మళ్ళీ అరిచాడు. మూడోసారి అరవబోయి దగ్గాడు. ఎవరూ నవ్వలేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి యిప్పీలు, హై-యాలు, ఉన్న రాజులందరి పేర్లూ అరిచారు. పశువులు నెమరు వేస్తూనే ఉన్నాయి.

అప్పుడు డ్రుసిల్లా వచ్చింది. రోజూ వచ్చే వేళ అది. భుజం మీద శాలువా, చేతిలో తవుడు బకెట్టు. గట్టు మీద వరసగా నిలబడ్డ టోపీలని చూసి, "ఏం, కాకులు వాలినట్టు వాలారు?" అని, బకెట్టు కంచెకి ఆనించి, మామూలు గొంతుతో పిలిచింది.

"సూక్... సూక్ బాస్... రా తల్లీ, సూక్..."

దొడ్డి మొత్తం కదిలింది. ఎర్ర ఆవు, తుమ్మిన దూడ, మూలన పడుకున్న ముసలి ఎద్దు, అన్నీ తోసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి కంచె విరుగుతుందా అన్నట్టు నిలబడ్డాయి.

ఈనస్ గట్టు దిగి టోపీ తీశాడు. "దూడ తల్లిని చేరిందమ్మా. కేకలన్నీ మీవి."

"నాకెందుకు నాయనా, నాకు బకెట్టుంది" అంది డ్రుసిల్లా.

లోథ్రాప్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "బ్రహ్మాండం! ఆవులు రాకపోతే నాకేం పోయింది? ఆవులు టిక్కెట్టు కొంటాయా? పదండి, అందరూ పదండి, రైలు వస్తోంది."

ఎవరూ కదల్లేదు.

"మేం రాలేం సార్" అన్నాడు రూఫస్, నేల చూస్తూ. "ఆ కేకలు మావి కావు. రౌండప్ తీర్పు అయిపోయింది. పరాయి ముద్ర ఉన్న దూడని నాదని అమ్ముకోలేను."

"అరుపయ్యా అది! గాలి!" అన్నాడు లోథ్రాప్.

"గాలే. కానీ ఆవిడ గాలి."

ఆసాకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ అతని బిస్కెట్లు అడక్కుండా నమిలినవాళ్ళు వీళ్ళు. ఈ నీతి బిస్కెట్ల డబ్బా దగ్గర ఒక్కనాడూ కనిపించలేదు. తిండి పెట్టే పని వాకిట్లో నిలబడ్డాకే దానికి మెలకువ వచ్చింది. "ఒరేయ్, చలికాలం ఏం తింటారురా? తీర్పు తింటారా?" అని అరిచాడు. వాళ్ళు టోపీలు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డారే గాని గట్టు దగ్గర్నుంచి ఒక్క అడుగు వేయలేదు. దూరంగా రైలు కూత వినిపించింది.

ఆసా భార్య దగ్గరికి పరిగెత్తాడు. "డ్రుసిల్లా, నీ పుణ్యం ఉంటుంది, ఇచ్చేశానని ఒక్క మాట అనవే!"

"ఏమిచ్చేశానని?"

"కేకలు! నీకు పనికిరావు కదా?"

"పనికిరాని వాటికి ఆ ఎర్ర కోటాయన చికాగో నుంచి వచ్చాడా?" డ్రుసిల్లా బకెట్టు బోర్లించి దాని మీద తీరిగ్గా కూచుంది. "ఊరికే ఇవ్వను. నీ దగ్గరే కదా నేర్చుకుంది. ఇదిగో బాబూ, లోథ్రాప్ గారూ, ఇలా రండి."

లోథ్రాప్ వచ్చాడు. ఆమె ఎంత మెల్లగా మాట్లాడిందంటే వినడానికి అతను వంగాల్సి వచ్చింది.

"కేకలు నావి. ఈ మనుషులు వాటిని తమవని అరవరు. కానీ నా ముద్ర కింద నా పనివాళ్ళుగా అరవొచ్చు. ఏం ఈనస్, ధర్మమేనా?"

ఈనస్ మొహం విచ్చుకుంది. "యజమాని ముద్ర కోసం గుర్రమెక్కడం మా వృత్తేనమ్మా. అందులో తలవంపులేదు."

"అయితే వినండి. గుడారం వాకిట్లో కొట్టు నా పేరు మీద. వీళ్ళకి రెండు పూటలా వేడి తిండి మీది. బిస్కెట్లు కాదు, మాంసం. నా ఆవులు రెండూ రైలెక్కుతాయి, గడ్డి మీది."

"మరి నేను?" అన్నాడు ఆసా.

"కొట్లో కూచుంటావు. పాలబిందెలు కడుగుతావు. నీకు బేరం బాగా వచ్చు, కాదన్నానా?"

లోథ్రాప్ గడియారం చూశాడు, రైలు పొగ చూశాడు. "ఒప్పుకున్నాను. కానీ కొమాంచీ దొర కథ మాత్రం ఉండాలి."

"ఆ అబద్ధం మా ఆయనది. మోత కూలీ మీరే పెట్టుకోండి" అని డ్రుసిల్లా లేచి, బకెట్టు తిప్పి, మిగిలిన తవుడు ఎర్ర ఆవుకి వేసింది.

మంచు కరిగే రోజుల్లో ఆసా చికాగో గుడారం వాకిట్లో కూచుని లెక్క చూసుకున్నాడు. జీనులన్నీ పోయాయి. ఒకటి బ్యాంకు పెద్ద గది గోడ మీద ఉంది, ఒకటి పళ్ళ డాక్టరు రోగుల్ని కూచోబెట్టడానికి కొన్నాడు. ఎలుకలు కొరికిన తాళ్ళు ఎక్కువ ధరకి పోయాయి, తోడేళ్ళు కొరికాయని చెప్పడం వల్ల. అయినా అన్నిటికన్నా ఎక్కువ పోయినవి డ్రుసిల్లా పాలు. గ్లాసుల్లో పోసి అమ్మింది. పాలకి పుట్టుకేమిటని ఎవరైనా అడిగితే "ఆవు" అనేది. కౌబాయ్‌లు ఒళ్ళు చేశారు. ముందు గుర్రం మీద ఈనస్ రోజుకి రెండాటలు యీ-హా అని కేకపెట్టేవాడు. చచ్చిపోయిన దొర కథ చదివినప్పుడల్లా దగ్గేవాడు. ఆట అయ్యాక కొట్టు ముందుకొచ్చి యజమానురాలికి టోపీ తీసేవాడు. గుడారంలో వేలమంది ఆ కేకకి లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. దొడ్డిలో ఆవుకున్నపాటి అనుమానం ఒక్కరికీ కలగలేదు.

ఒక ముసురు పొద్దున జనం గుడారం వాకిట్లో గొడుగుల కింద గుంపుగా తిరుగుతున్నారే తప్ప కొట్టువైపు ఒక్కరూ రాలేదు. ఆసా అటూ ఇటూ చూసి, డ్రుసిల్లా ఆవుల దగ్గర ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి పిలిచాడు.

"సూక్... సూక్ బాస్..."

గొడుగులు తిరిగాయి. ఎందుకో తెలియకుండానే ఒక బొద్దుమనిషి వచ్చాడు, అతని వెనక భార్య వచ్చింది, వాళ్ళ వెనక తోసుకుంటూ మిగతావాళ్ళు వచ్చి కొట్టు బల్లకి ఆనుకున్నారు. ఆసా గబగబా కెటిళ్ళు కిందికి దించాడు.

"అది నాది" అంది వెనకనుంచి డ్రుసిల్లా. "ఎవరినడిగి వాడావు?"

"నేను నీ మొగుణ్ణే కదే."

"ఈసారి అడుగు."

ఇరవయ్యేళ్ళు ఖాళీగా ఉన్న గడి ఆ రోజుతో నిండింది. సరుకూ కాదు, ఖర్చూ కాదు, యజమాని. ఇక ఆసా వంతుకి మిగిలింది ఇది: కూచోవడానికి ఒక స్టూలు, కడగడానికి రెండు పాలబిందెలు, సొట్టపడి అమ్ముడుపోని కెటిలు ఒకటి, అడిగి వాడుకోవడానికి ఒక పిలుపు.